నిరీక్షణ నిషిద్ధం

పెదకంచర్ల పురపాలక సంఘం వెబ్‌సైటులో ఒక చక్రం ఉండేది. పౌరుడు అర్జీ నింపి 'పంపు' అన్న మీట నొక్కగానే తెర మధ్యన ప్రత్యక్షమై గిర్రున తిరిగేది. కాఫీ తాగి వచ్చి చూసినా తిరిగేది, స్నానం చేసి వచ్చి చూసినా తిరిగేది. ఊళ్ళోవాళ్ళకి దానిమీద కోపమేమీ లేదు. స్వయంగా ఆఫీసుకి పోతే తిప్పేది తమనే కదా, ఇక్కడైతే చక్రం తిరుగుతోంది, మనం కూర్చోవచ్చు అని సంతోషించేవాళ్ళు.

కోపం వచ్చింది కమిషనరు విద్యాధరరావుగారికి. ఆయనకి కోపం ఊరికే రాదు, పై అధికారి ఎదురుగా ఉంటేనే వస్తుంది. ప్రాంతీయ సంచాలకులవారు తనిఖీకి విచ్చేసి, జీడిపప్పు పళ్ళెం ముందు ఆసీనులై, 'వీధి దీపం వెలగడం లేదు' అనే నమూనా అర్జీని స్వహస్తాలతో నింపి మీట నొక్కారు. చక్రం మొదలైంది. సంచాలకులవారు చక్రాన్ని చూశారు. కమిషనరుగారు సంచాలకులవారిని చూశారు. మూల నిలబడిన కంప్యూటరు ప్రోగ్రామరు బాజీ తన చెప్పుల్ని చూసుకున్నాడు. పళ్ళెంలో జీడిపప్పు అయిపోయింది గానీ చక్రం ఆగలేదు.

"ఇది ఏమి చేయుచున్నది?" అని అడిగారు సంచాలకులవారు.

"పరిశీలించుచున్నది సార్," అన్నారు కమిషనరుగారు.

తన సర్వీసు మొత్తంలో తాను పరిశీలించినదానికంటే ఇది ఎక్కువే పరిశీలిస్తోందని చెప్పి సంచాలకులవారు కారెక్కి వెళ్ళిపోయారు.

ఆ తనిఖీ పుణ్యమా అని ఆ రోజే ఇంకో పని కూడా జరిగింది. సంచాలకులవారి కంటికి రోడ్డు విశాలంగా కనిపించాలని, ఆఫీసు గేటు పక్కనున్న దానమ్మ మిరపకాయ బజ్జీల బండిని ఎత్తి, పొయ్యితో బాణలితో సహా మునిసిపల్ యార్డులో పడేశారు. దానమ్మ మొగుడికి వెన్ను దెబ్బతిని మంచానున్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పొయ్యి వెలిగితేనే. బాజీ రోజూ సాయంత్రం ఆఫీసు అయ్యాక ఆ బండి దగ్గరే నిలబడి బజ్జీలు తినేవాడు. ఆవిణ్ణి అక్కా అనేవాడు. ఆ సాయంత్రం గేటు బయటికొచ్చి, బండి ఉండే చోట నాలుగు ఇటుకలు మాత్రం కనిపిస్తే అతని మనసు చివుక్కుమంది.

కానీ అప్పటికి అతని నెత్తిమీద చక్రం ఉంది. కమిషనరుగారు పిలిపించి సంజాయిషీ అడిగారు. బాజీ ఉన్నమాట చెప్పాడు. ఎవరైనా అర్జీ పెడితే వెబ్‌సైటు వెనకాల ఉన్న స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం దాన్ని పట్టుకుని నాలుగు విభాగాల సర్వర్ల దగ్గరికి పోతుంది. ఒక్కో సర్వరు తలుపు కొట్టి, అర్జీ ఇచ్చి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడుతుంది. ఆ సర్వర్లు ఆ విభాగాల్లో పెరిగినవే కాబట్టి తొందరపడవు. అవి కదిలేదాకా ఇక్కడ చక్రం తిరుగుతుంది.

మరి ఉపాయం ఏమిటన్నారు కమిషనరుగారు. ఉందన్నాడు బాజీ. పాలవాడు ప్యాకెట్టు గుమ్మం ముందు పడేసి, తలుపు తీసేదాకా ఆగకుండా పోతాడు చూడండి, అట్లా స్క్రిప్టు కూడా తలుపు కొట్టి, అర్జీ లోపల పడేసి, జవాబు వినకుండా వచ్చేస్తుంది. పని వెనకాల జరుగుతూ ఉంటుంది, ఇక్కడ పౌరుడికి చక్రం కనిపించదు.

కమిషనరుగారు కుర్చీలో ముందుకి జరిగారు.

"అనగా, సమాధానముతో మనకు నిమిత్తము లేదన్నమాట."

"వినకపోతే మాత్రం ఏముందండీ, తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు."

"తర్వాత అను పదమును తొలగించుము," అన్నారాయన.

బాజీ ఆ పదాన్నీ చక్రాన్నీ రెంటినీ తొలగించాడు. ఇప్పుడు మీట నొక్కితే కనురెప్ప కొట్టేలోపల తెరమీద అక్షరాలు వచ్చేవి: 'మీ అర్జీ స్వీకరించడమైనది. ధన్యవాదములు.' ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. పురపాలక సంఘం ధన్యవాదాలు చెప్పడం ఆ ఊరి చరిత్రలో ఎరగరు. కొందరు ఆ ధన్యవాదాల కోసమే అర్జీలు పెట్టారు.

అక్కడితో ఆగితే ఈ కథ ఎందుకు? కమిషనరుగారికి రాత్రీ పగలూ అదే ధ్యాస అయింది. ఒక యంత్రమే జవాబు కోసం ఆగనక్కర్లేనప్పుడు మనిషి ఎందుకు ఆగాలి? వారంలోపల ఒక సర్క్యులర్ వెలువడింది. "సమాధానము కొరకు వేచియుండుట అనునది వలస పాలకులు మనకు అంటగట్టిన దురాచారము. అడుగుట పౌరుని హక్కు. అడిగించుకొనుట కార్యాలయ ధర్మము. ఈ రెంటి నడుమ నిరీక్షణకు చోటు లేదు. నేటినుండి ఈ కార్యాలయము నిరీక్షణ నిషిద్ధ ప్రాంతముగా ప్రకటించడమైనది."

వరండాలో బెంచీలు తీసేశారు. గోడ గడియారం కూడా తీసేశారు, దాన్ని చూస్తే జనానికి ఎదురుచూడాలని బుద్ధి పుడుతుందని. అయిదు నిమిషాలకు మించి ఒకేచోట నిలబడినవాడికి జరిమానా పెట్టారు. దాంతో పెన్షన్ల కోసం వచ్చిన ముసలివాళ్ళు ఆఫీసు చుట్టూ ప్రదక్షిణాలు చేయసాగారు. నడిచేవాణ్ణి నిరీక్షిస్తున్నాడని అనడానికి వీల్లేదు.

ఆఫీసు లోపల కూడా కొత్త ధర్మం అమల్లోకి వచ్చింది. సమీక్షా సమావేశంలో కమిషనరుగారు ఇంజనీరుగారిని మూడో వార్డు పైపులైను సంగతి అడిగారు. ఇంజనీరుగారు గొంతు సవరించుకునేలోపల పారిశుధ్యం మీదికి పోయారు, పారిశుధ్యం వాళ్ళు లేచి నిలబడేలోపల పన్నుల మీదికి పోయారు. పూర్వం మధ్యాహ్నం దాకా సాగి, ఇద్దరు ముగ్గురు చెమటలు కక్కితే గానీ ముగియని సమావేశం టీ వచ్చేలోపల ముగిసింది. టీ వచ్చాక తాగడానికి ఎవరూ లేరు. సిబ్బంది ఆనందానికి మేర లేకుండా పోయింది. ఇంతకాలం ప్రశ్నలంటే భయపడ్డాం గానీ, భయపెట్టేది జవాబేనని వాళ్ళకి అప్పుడు తెలిసింది.

ఆరోగ్య తనిఖీదారు హోటలు గడపలో నిలబడి "వంటగది శుభ్రముగా ఉన్నదా?" అని అడిగి పక్క హోటలుకి పోయేవాడు. పెళ్ళిళ్ళ నమోదు దగ్గర "అమ్మా, ఈ వివాహము నీకు సమ్మతమేనా?" అని అడిగి, పెళ్ళికూతురు తలెత్తేలోపల ముద్ర కొట్టేవాళ్ళు. అడగడం మాత్రం ఎవరూ మానలేదు. ఆ మాట చెప్పుకోవాలి.

ఈ కొత్త రాజ్యంలోకి దానమ్మ బండి విడిపించుకోవడానికి వచ్చింది. ఆమెకి ఆఫీసుల సంగతి తెలియంది కాదు. సద్ది కట్టుకుని, మంచినీళ్ళ సీసా పట్టుకుని, ఎవరో ఒకరు విసుగెత్తి పని చేసిపెట్టేదాకా కూర్చోవాలని నిశ్చయించుకుని వచ్చింది. కూర్చోడానికి బెంచీ లేదు. నిలబడితే జరిమానా రాశారు. అర్జీ కంప్యూటర్లో పెట్టించి, ఫోనుకి వచ్చిన మెసేజీ బాజీ చేత చదివించుకుంది.

"ధన్యవాదాలంటన్నారేందయ్యా? నేనేం ఇచ్చానని?"

బండి విడుదలకి నాలుగు విభాగాలు తమకు అభ్యంతరం లేదని రాయాలనీ, అర్జీ నాలుగుచోట్లకీ వెళ్ళిందనీ, పని వెనకాల జరుగుతోందనీ బాజీ ధైర్యం చెప్పాడు. నిజంగానే జరుగుతోందని అతను నమ్మాడు. కంప్యూటరు వాళ్ళకి కనిపించని పనుల మీద నమ్మకం జాస్తి.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. బండి యార్డులోనే ఉంది. దానమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసే కూలికి పోవడం మొదలుపెట్టింది. సాయంత్రాలు చేతులు తడిగుడ్డలో చుట్టుకుని గేటు దగ్గరికి వచ్చేది. మిరప ఘాటుకి వేళ్ళు ఉబ్బి ఎర్రబడి ఉండేవి. ఇన్నేళ్ళూ మిరపకాయల్ని నూనెలో ముంచాను, ఇప్పుడవి పగ తీర్చుకుంటన్నాయి అని నవ్వేది. ఆ నవ్వు చూడలేక బాజీ మొహం తిప్పుకునేవాడు. సిగ్గుపడ్డాడు. తన చేత్తో తీసేసిన చక్రం తన గుండెలో తిరగసాగింది.

ఒకరోజు కూర్చుని ఆ అర్జీ వెంట పోయాడు. నాలుగు సర్వర్లలోనూ చూశాడు. అర్జీ నాలుగుచోట్లకీ చేరింది. నాలుగుచోట్లా పని మొదలైంది. నాలుగుచోట్లా మధ్యలో ఆగిపోయింది. దానమ్మదే కాదు, చక్రం పోయిన రోజునుంచీ వచ్చిన అర్జీలన్నిటిదీ అదే గతి. కారణం పట్టుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు. అక్కడి స్క్రిప్టుకి ఒక స్వభావం ఉంది. అర్జీ తెచ్చినవాడు ఉన్నాడా లేడా అని మధ్యమధ్యలో గుమ్మంలోకి చూస్తుంది. ఉంటే పని సాగిస్తుంది. వెళ్ళిపోయాడని తెలిస్తే, ఇక ఎవరి కోసమని, చేస్తున్నది అక్కడే వదిలేస్తుంది.

యంత్రాలకి ఈ బుద్ధి ఎక్కణ్ణించి వచ్చిందా అనుకుంటూ ఆరోగ్య విభాగం గుమాస్తా వీరరాఘవులు దగ్గరికి పోయి, కాగితం మీద వచ్చిన అర్జీలు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. వీరరాఘవులు మంచివాడు, దాపరికం లేనివాడు. సొరుగు లాగి చూపించాడు. ప్రతి కాగితం మీదా సగం వాక్యం రాసి ఉంది.

"మనిషి ఎదురుగా ఉంటేనేగా బాబూ చెయ్యి ఆడేది. వాళ్ళేమో కాయితం ఇయ్యంగనే పోతన్నారు. పోయినాక ఇంక మనం ఎవరికి చెయ్యాలి?"

ఆయన తప్పు చేశానన్న ధోరణిలో అనలేదు. ఎదురుగా ఎవరూ లేకుండా పనిచేయడం పెళ్ళికూతురు లేకుండా తాళి కట్టడం లాంటిదని ఆయన ఉద్దేశం. ఆ ఆఫీసు పుట్టిననాటినుంచీ పని జరిగింది పని మూలంగా కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషి మూలంగా. ఆ మనిషిని కాస్తా కమిషనరుగారు తీసేశారు.

బాజీ పరుగున కమిషనరుగారి దగ్గరికి పోయి సంగతి విన్నవించాడు. మందు సులువేనన్నాడు. ఆ నాలుగు సర్వర్లలో ఒక్కొక్క లైను రాయాలి. అడిగినవాడు వెళ్ళిపోయినా సరే, మొదలుపెట్టిన పని పూర్తిచెయ్యి అని ఆ లైనుకి అర్థం. ఇప్పుడే రాసేస్తానన్నాడు.

కమిషనరుగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఒక్క లైనుకి బడ్జెట్ ఉండదు. శిలాఫలకం ఉండదు. ప్రారంభోత్సవం ఉండదు.

"అడిగినవాడు సమక్షమున లేకయే కార్యము పూర్తిచేయుట అనునది ఆడిటు అభ్యంతరములకు దారితీయును," అన్నారు. "లోపము యంత్రములో లేదు బాజీ. ఎదుట మనిషి లేకపోవుటయే లోపము. అర్జీదారుడు వేచియుండరాదు, అది మన విధానము. ఎవరో ఒకరు వేచియుండవలెను, అది మన అనుభవము. కావున అర్జీదారుని తరఫున వేచియుండుటకు మనమే మనుషులను నియమించెదము."

అట్లా పుట్టింది నిరీక్షకుల వ్యవస్థ. అవుట్‌సోర్సింగ్ పద్ధతిన నలభైమందిని తీసుకున్నారు. బూడిదరంగు చొక్కా, మెళ్ళో కార్డు ఇచ్చారు. మూడు రోజులు శిక్షణ కూడా ఇచ్చారు: బల్లకి ఎంత దూరంలో నిలబడాలి, ఎంతసేపటికి ఒకసారి దగ్గాలి, 'సార్' అన్న మాట విసుగు తెప్పించకుండా ఎట్లా అనాలి, గుమాస్తా తలెత్తితే ఎంత దీనంగా చూడాలి. బాగా దీనంగా చూసినవాళ్ళని మొదటి తరగతి నిరీక్షకులు చేశారు. వాళ్ళు సెలవు పెడితే వాళ్ళ స్థానంలో నిలబడడానికి బదిలీ నిరీక్షకులున్నారు. పక్షపాతానికి తావు లేకుండా, ఈ ఆఫీసులో పనిచేసే ఎవడూ తన సొంత అర్జీకి తాను నిలబడకూడదని ఒక నియమం పెట్టారు. ఏ అర్జీకి ఎవరు నిలబడాలో నిర్ణయించే ప్రోగ్రాం బాజీ రాశాడు. పౌరుల బెంచీలు గోడౌనునుంచి తెచ్చి నిరీక్షకులకి వేశారు, విధి నిర్వహణలో కాళ్ళు లాగుతాయని.

ఆ ఒక్క లైను సంగతి కూడా కమిషనరుగారు బొత్తిగా తోసిపుచ్చలేదు. పడుచువాడు ముచ్చటపడుతున్నాడని, ఎవరూ అడగడానికి రాని విభాగం ఏదైనా ఉంటే అక్కడ ప్రయోగాత్మకంగా రాసుకొమ్మన్నారు. అటువంటిది ఒక్కటే ఉంది, అనాథ వస్తువుల విభాగం. యార్డులో ఎవరూ విడిపించుకోకుండా పడున్న సామాన్లని గడువు దాటితే వేలం వేయడం వాళ్ళ పని. బాజీ ఎంతో సంతోషంగా ఆ లైను అక్కడ రాశాడు. తన మాట ఒక్కచోటన్నా నెగ్గిందని ఆ పూట స్వీటు కూడా తిన్నాడు.

నిరీక్షకులు వచ్చాక పనులు కొంచెం కదిలిన మాట నిజం. దానమ్మ అర్జీని కాగితం మీద దించి, దానికి ఒక రెండో తరగతి నిరీక్షకుణ్ణి ఇచ్చారు. అతను రెండు విభాగాల్లో దగ్గి, రెండు సంతకాలు తెచ్చాడు. మూడోచోట గుమాస్తా సెలవు మీద పోతే ఇతనూ సెలవు పెట్టాడు. అయినా సగం అయింది కదా అని దానమ్మ మొహం విప్పారింది. బాణలి తుప్పు పట్టి ఉంటుంది, చింతపండు పెట్టి తోమాలి అనుకుంది.

ఆ మర్నాడు సాయంత్రం ఆమె కూలినుంచి వస్తూ ఆఫీసు ఆవరణలోకి చూసి ఆగిపోయింది. లోపల వేపచెట్టు కింద తన బండి ఉంది. పొయ్యి వెలుగుతోంది. ఎవడో తన బాణలిలో తన గరిటెతో బజ్జీలు తీస్తున్నాడు. బూడిదరంగు చొక్కాలవాళ్ళు చుట్టూ నిలబడి తింటున్నారు.

జరిగింది ఇది. గడువు దాటింది. అనాథ వస్తువుల సర్వరుకి వేలం వెయ్యమని ఒక రిక్వెస్టు పోయింది. అడిగిన స్క్రిప్టు అలవాటు ప్రకారం జవాబు వినకుండా వచ్చేసింది. కానీ అక్కడ బాజీ రాసిన లైను ఉంది. అది గుమ్మంలోకి చూడలేదు, ఎవరున్నారని అడగలేదు. ప్రకటన ఇచ్చింది, పాట నడిపింది, హెచ్చుపాట ఖాయం చేసింది, గేటు పాసు కూడా ఇచ్చింది. పాట గెలిచిన నిరీక్షకుల క్యాంటీను కాంట్రాక్టరు బండి తోసుకుపోయాడు. ఆ ఆఫీసులో అంత శుభ్రంగా, అంత త్వరగా, ఎవడి కంటా పడకుండా పూర్తయిన పని అదొక్కటే.

దానమ్మ నేరుగా బాజీ గదికి వచ్చింది. అరవలేదు. తడిగుడ్డ చుట్టిన చేతులు బల్లమీద పెట్టి నిలబడింది.

"అన్ని పనులూ మజ్జెలో ఆగిపోతన్నాయన్నావు గదయ్యా. ఇదొక్కటి ఎట్టా పూర్తయింది?"

బాజీ కుర్చీలోంచి లేచాడు. చెప్పాలని ఉంది, చెప్పే మొహం లేదు. చివరికి, "నేనే చేశానక్కా, మంచి జరుగుద్దనుకుని చేశా," అన్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళొత్తుకుని, మంచోడివే, మంచోళ్ళ చేతిలోనే గదా మేం పొయ్యేది అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఆ రాత్రి బాజీకి అన్నం సయించలేదు. తెల్లారి ఆఫీసుకి వచ్చీరాగానే నిరీక్షకుల ప్రోగ్రాం తెరిచాడు. అర్జీ: దానమ్మ. విషయం: వేలం రద్దుచేసి బండి ఇప్పించడం. నిలబడవలసిన చోటు: కమిషనరుగారి గది. నిరీక్షకులు: నలభైమందీ.

పదకొండు గంటలకి వాళ్ళు వరసగా లోపలికి వచ్చి, బల్లకి నిర్ణీత దూరంలో నిలబడ్డారు. మొదటి వరసవాళ్ళు దగ్గారు. తర్వాత రెండో వరసవాళ్ళు దగ్గారు. ఎవరి తరఫున వచ్చారని కమిషనరుగారు అడిగారు. దానమ్మ తరఫున అన్నారు. ఆయన ముందు మురిసిపోయారు. క్రమశిక్షణ అంటే ఇదీ అన్నారు. వెళ్ళి రండి అన్నారు. ఎవరూ కదల్లేదు. పని పూర్తయ్యేదాకా నిరీక్షకుడు బల్ల దగ్గరనుంచి కదలరాదని సర్క్యులర్లో రాసింది ఆయనే. మధ్యాహ్నం క్యారేజీ వచ్చింది. పప్పులో నెయ్యి వేసుకుని ముద్ద కలిపి తలెత్తితే, మొదటి తరగతివాళ్ళు దీనంగా చూస్తున్నారు. శిక్షణ బాగా వంటబట్టింది. ముద్ద దిగలేదు. "సార్," అన్నారు నలభైమందీ, విసుగు తెప్పించకుండా.

కమిషనరుగారు చెయ్యి కడుక్కుని, వేలం రద్దు చేస్తూ ఉత్తర్వు రాసి సంతకం పెట్టారు. బాజీని పిలిచారు.

"కంప్యూటర్లో పంపమంటారా సార్, చేత్తో పట్టుకెళ్ళమంటారా?" అన్నాడు బాజీ.

ఆయన నలభైమంది వైపూ ఒకసారి చూశారు. "పట్టుకెళ్ళు," అన్నారు, మామూలు తెలుగులో.

బాజీ కాగితం పట్టుకుని ముందు నడిచాడు. నలభైమందీ వెనక నడిచారు. బల్ల బల్లకీ పోయి, ముద్ర పడేదాకా చుట్టూ నిలబడ్డారు. వీరరాఘవులు కళ్ళజోడు సవరించుకుని, ఇట్టా వస్తే ఎప్పుడో అయిపోయేదిగా అని సగంలో ఆగిన వాక్యం పూర్తిచేశాడు. క్యాంటీను కాంట్రాక్టరు వచ్చి లబోదిబోమంటే, మీ అభ్యంతరం స్వీకరించడమైనది, ధన్యవాదములు అని చెప్పి పంపించారు. దీపాలు పెట్టే వేళకి బండి గేటు దాటింది. దానమ్మ ఒకవైపు, బాజీ ఒకవైపు తోశారు. నాలుగు ఇటుకల మీద దాన్ని నిలబెట్టాక దానమ్మ పొయ్యిని చేత్తో తడిమి చూసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కమిషనరుగారికి బాజీ మీద కోపం వచ్చి ఉంటుందని మీరనుకుంటే ఆయన్ని తక్కువ అంచనా వేసినట్టే. ఒక్క అర్జీకి నలభైమంది నిలబడితే ఒక్క రోజులో పరిష్కారమైంది గనుక, ప్రతి అర్జీకీ నలభైమందిని మంజూరు చేయవలసిందిగా ప్రభుత్వానికి ప్రతిపాదన పంపారు. ఊరి జనాభా చాలకపోతే పక్క మండలాలనుంచి తీసుకోవచ్చన్నారు. ఊరంతా నిరీక్షకులైపోయిన నాడు అర్జీ పెట్టేవాడు మిగలడు గనుక, పెండింగు దానంతటదే సున్నా అవుతుందని లెక్క చూపించారు. ఆ ప్రతిపాదనలో బాజీ సేవల్ని పేరు పెట్టి కొనియాడారు.

బాజీది ఏటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. ఆ నెలాఖరుకి గడువు తీరింది. పొడిగింపు కాగితం మొదలైంది. ఎవరికీ అతని మీద కక్ష లేదు. సిబ్బంది విభాగంలో సగం వాక్యం దాకా రాసి ఆగింది, ఎదురుగా ఎవరూ లేరు గనుక. ఈ ఆఫీసువాడు తన పనికి తాను నిలబడకూడదు. ఇంకొకళ్ళని తన పేరుకి వేసుకోవడానికి బాజీకి మనసొప్పలేదు. ఒకటో తారీఖు పొద్దున వేలిముద్ర మిషను అతని వేలు గుర్తుపట్టలేదు.

గేటు బయట దానమ్మ బండి దగ్గర శనగపిండి కలుపుతోంది. బాజీ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇంత పొద్దున్నే బయట ఏం చేస్తన్నావని అడిగింది. అతను నవ్వబోయి, నవ్వు రాక, ఉన్నది చెప్పాడు. పొడిగింపు ఆగింది, తప్పు ఎవరిదీ లేదు, ఎవరన్నా నిలబడితే అయిపోయేదే అన్నాడు.

దానమ్మ పిండి కలపడం ఆపింది.

"నా పనికి నువ్వు నిలబడ్డావు. నీ పనికి ఎవరు నిలబడతారయ్యా?"

ఆమె చేతులు కడుక్కుంది. పొయ్యి ఆర్పింది. పిండి గిన్నె మీద మూత పెట్టి, అప్పుడే వచ్చిన ఇద్దరు గిరాకీలకి ఈ పూట బజ్జీలు లేవని చెప్పింది. బాజీ వద్దంటున్నా వినకుండా గేటు దాటి లోపలికి పోయింది. కాపలావాడు ఇక్కడ ఆగకూడదమ్మా అంటే, ఆగడానికే వచ్చానని చెప్పింది. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి సిబ్బంది విభాగం కనుక్కుని, గుమాస్తా బల్ల ఎదురుగా నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు? నిరీక్షకురాలివా? కార్డేది?" అన్నాడు గుమాస్తా.

"కార్డు లేదు. మా బాజీ కాయితం కోసం వచ్చా. అయ్యిందాకా పోను."

జరిమానా పుస్తకం తీశాడతను. రాసుకో అంది ఆమె. రాసి చించి ఇస్తే మడిచి బొడ్లో దోపుకుంది. అతను వేరే కాగితాలు చూసుకుంటున్నట్టు కాసేపు నటించాడు. తలెత్తాడు. ఆమె అక్కడే ఉంది. దగ్గలేదు, సార్ అనలేదు, దీనంగా కూడా చూడలేదు. అతను లేచి బీరువా తెరిచాడు. కట్టలోంచి ఒక ఫైలు లాగి, బల్లమీద పెట్టి, తాడు విప్పాడు.